జార్జ్ తప్పు చేశాడా? ఓ చిన్న నవల చుట్టూ అపోహలు – వాస్తవాలు

కర్నూలులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పబట్టి ఇరవై రెండేళ్లు. ఆదివారం సాయంత్రాలు మా మిద్దె మీద ఓ పది మందిమి చేరి పుస్తకాలు చదువుకుంటాం. పాత విద్యార్థులు, ఇద్దరు టీచరమ్మలు, రిటైరైన బ్యాంకు సారు ఒకాయన, మందుల షాపు నడిపే ఇంకొకాయన. ఏ పుస్తకం ముగిసినా టీ తాగి ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. జాన్ స్టైన్‌బెక్ రాసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ ముగిసిన రోజు మాత్రం ఒక్కరూ లేవరు. మూడుసార్లు చదివాం, మూడుసార్లూ గొడవే. కిందటిసారి బ్యాంకు సారు, మందుల షాపాయన రెండు వారాలు మాట్లాడుకోలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

గొడవ పడితే నాకు సంతోషమే. కాకపోతే ఆ గొడవలో సగం పుస్తకంలో లేని సంగతుల మీద నడుస్తుంది. అందుకే మా మిద్దె మీద ఒకటే షరతు: ఏమన్నా అనుకో, పేజీ చూపించు.

చదవని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1937లో వచ్చిన నవల. కాలిఫోర్నియాలో సలీనాస్ నది పక్కన, సోలెదాద్ అనే ఊరి దగ్గర జరుగుతుంది. జార్జ్, లెన్నీ ఇద్దరూ దుప్పటి మూట భుజానేసుకుని పని దొరికిన చోటికల్లా పోయే కూలీలు. లెన్నీ మనిషి కొండంత, బుద్ధి పసిపిల్లాడిది. మెత్తగా ఉన్నదేదైనా నిమరాలి వాడికి. చేతుల్లో ఉన్న బలం వాడికే తెలియదు. ఎప్పటికైనా కాస్త పొలం కొనుక్కుని, కుందేళ్లు పెంచుకుని బతకాలని ఇద్దరి కల. ముగింపు చెప్పకుండా ఈ పోస్టు రాయడం నా వల్ల కాదు. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగి, చదివి రండి. ఒక పూట పని.

అపోహ: “ఒక పూట పుస్తకమే కదా, సులువు.”

ముప్పై వేల పదాలు, ఆరు అధ్యాయాలు. కథ గురువారం సాయంత్రం మొదలై ఆదివారంతో సరి. వాక్యాలు చిన్నవి, డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు. అందుకే పిల్లలు పరుగెత్తించి చదివేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. నవలగా చదువుకోవడానికీ, నాటకంగా ఆడుకోవడానికీ రెంటికీ పనికొచ్చేట్టు కావాలనే రాశాడాయన. నవల వచ్చిన ఏడాదే న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్‌వేలో ఆడారు కూడా. నాటకం కాబట్టి మనుషుల మనసులో ఏముందో రచయిత చెప్పడు. ఏం చేశారు, ఏమన్నారు, అంతవరకే. మిగిలింది మన నెత్తిన పెడతాడు. ఇన్ని రకాల అభిప్రాయాలు పుట్టడానికి మూలం ఇదే.

పిల్లలు వర్ణన అని దాటేసే చోటు ఒకటి చూపిస్తాను. మొదటి అధ్యాయంలో నది మడుగు దగ్గర నీళ్ల పాము ఈదుతుంటుంది, కొంగ ఎగిరిపోతుంది. చివరి అధ్యాయంలో మళ్లీ అదే మడుగు. అదే రకం పాము ఈదుకుంటూ కొంగ కాళ్ల దగ్గరికి వస్తుంది. కొంగ తలపట్టి లటుక్కున మింగుతుంది, పాము తోక ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. కాసేపటికి ఇంకో పాము అదే దారిన వస్తుంది. లెన్నీ ఆ మడుగు దగ్గరికి చేరేది ఆ తర్వాతే. ఇక జరగబోయేది వేరే చెప్పాలా?

అపోహ: “ఇది కరువు దెబ్బకు ఊళ్లు విడిచిన రైతుల కథ.”

పరీక్షల గైడు ఒకదానిలో ఇట్లాగే అచ్చేశారు. ఏటా ఓ ఇరవై జవాబు పత్రాల్లో అదే తప్పు ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంటాను. దుమ్ము తుపాన్లకు పొలాలు పోగొట్టుకుని కుటుంబాలతో కాలిఫోర్నియాకు తరలిన రైతుల కథ స్టైన్‌బెక్ 1939లో రాసిన ఇంకో నవల. జార్జ్, లెన్నీలకు ఇల్లూ లేదు, ఆలీ లేదు. పోగొట్టుకోవడానికి పొలం ఎప్పుడూ లేదు. వీళ్లు ఒంటికాయ శొంఠికొమ్ము లాంటి కూలీలు. కుర్రతనంలో స్టైన్‌బెక్ అట్లాంటి వాళ్ల మధ్య పెద్ద పెద్ద పొలాల్లో పని చేసినవాడే. లెన్నీ నిజంగా తాను చూసిన మనిషేనని 1937లో న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు.

ఇక్కడ మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం దిక్కు నుంచి వచ్చే పిల్లలకు వలస అంటే వివరించక్కర్లేదు. పంటలు అయిపోగానే ఊళ్లకు ఊళ్లు గుంటూరు దిక్కుకు మిరపకాయలు కోయను సుగ్గికి పోతాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. బియ్యం, జొన్నలు, గిన్నెలు, పట్టలు, కోళ్లు, పిల్లాజెల్లా అంతా ఒకే బండిలో. అట్లాంటి ఇంటి కోసిగి పిల్లోడు ఒకడు మొదటి అధ్యాయం కాగానే అడిగింది ఇదీ: “ఈళ్లిద్దరే ఎందుకు పోతాండారు సార్? మందిని పిలుచుకోని పోరా?”

నవల మొత్తానికి తాళంచెవి లాంటి ప్రశ్న అది. వాడికి ఇద్దరే పోవడం వింత. నవలలో వాళ్లకు ఇద్దరు కలిసి రావడమే వింత! యజమానికైతే వెంటనే అనుమానం: వీడి కూలి డబ్బులు నువ్వేమన్నా కాజేస్తున్నావా అని జార్జ్‌ను నిలదీస్తాడు. మా నాన్న తమ్ముడి కొడుకు అన్నట్టు, వీడు నా బంధువు అని జార్జ్ అబద్ధమాడాల్సి వస్తుంది. సోలెదాద్ అనే స్పానిష్ మాటకు అర్థం ఒంటరితనం. జార్జ్ ఖాళీగా ఉన్నప్పుడల్లా కూలీలు పడుకునే కొట్టంలో ఆడేది ఒక్కడే ఆడుకునే పేకాట.

అపోహ: “పేరులో ఎలుకలున్నాయి కాబట్టి లెన్నీ చంపిన ఎలుక గురించే.”

పేరు రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన స్కాట్లాండ్ పద్యం నుంచి తీసుకున్నది. దున్నుతుంటే మడక కర్రుకు ఎలుక గూడు చెదిరిపోతుంది. చలికాలానికని అది ఎంతో పద్ధతిగా కట్టుకున్న గూడు. రైతు నిలబడి దానికి క్షమాపణ చెప్పుకుంటాడు. ఎలుకైనా మనిషైనా ఎంత బాగా లెక్కలేసుకున్నా తప్పిపోవడం మామూలే అంటాడు. మడక సాలు చూసిన పిల్లలకు ఈ పద్యం ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. టౌను పిల్లలకు అరగంట.

అపోహ: “పొలం కల ఉత్త గాలిమేడ.”

చాలామంది పెద్దవాళ్లే ఇట్లా అంటారు. లెక్క చూద్దాం. ఆ పొలం ధర 600 డాలర్లు. ఇద్దరి కూలి నెలకు తలా 50. ఇంతలో క్యాండీ అనే ముసలాయన వాళ్ల మాటలు విని, నన్నూ కలుపుకోండి అంటాడు. ఆయన దగ్గర 300 ఉన్నాయి, నెలాఖరుకు ఇంకో 50 వస్తాయి. ఇద్దరి కూలీ కలిపితే 450. దీనికి బేరం కుదరొచ్చని జార్జ్‌కే తోస్తుంది. అంటే ఒక్క నెల దూరం. గాలిమేడ కాదు, అడ్వాన్సు ఇచ్చేదాకా వచ్చిన బేరం.

ఆ డబ్బు ఎక్కడిదంటే, పనిలో చెయ్యి పోయినందుకు క్యాండీకి ఇచ్చిన పరిహారం 250, దాని మీద ఆయన కూడబెట్టుకున్న 50. కల దగ్గరికి రావాలంటే ఒక మనిషి చెయ్యి పోవాల్సొచ్చింది. ఈ మాట అన్నది నేను కాదు, మా బ్యాంకు సారు. ముప్పై ఏళ్లు లోన్లిచ్చిన మనిషి, డబ్బు లెక్క ఆయన కంటికి ముందు పడుతుంది.

అపోహ: “స్నేహమంటే అట్లా ఉండాలి.”

వాట్సాప్ స్టేటస్‌లకు బాగుంటుంది. మూడో అధ్యాయంలో జార్జే, స్లిమ్ అనే తోటి పనివాడి దగ్గర ఒప్పుకుంటాడు. మొదట్లో లెన్నీని ఆటపట్టించేవాడు. ఒకసారి పదిమంది ముందు గొప్పకు ‘దూకురా’ అంటే, ఈత రాని లెన్నీ నదిలోకి దూకేశాడు. మునిగిపోబోతే బయటికి లాగారు. లాగినందుకు జార్జ్ మీద ఎంత ప్రేమ చూపించాడో, దూకమన్నది ఆయనేనన్న సంగతే మరిచిపోయాడు. ఆ రోజు నుంచి జార్జ్ అట్లాంటి పనులు మానేశాడు. వీళ్ల స్నేహానికి పునాదిలో ఒక సిగ్గు ఉంది. దాన్ని తీసేసి చదివితే చివరి అధ్యాయం చేతికి చిక్కదు.

అపోహ: “అంతా ఆ ఆడమనిషి వల్లే.”

నేనూ మొదటి పదేళ్లు క్లాసులో దాదాపు ఇట్లాగే చెప్పాను. ఒప్పుకుంటున్నాను.

యజమాని కొడుకు కర్లీ భార్య. పుస్తకమంతా వెదికినా ఆమెకు పేరు లేదు. ఎప్పుడూ కొట్టం గుమ్మంలో నిలబడి, కర్లీ ఉన్నాడా అని అడుగుతుంటుంది. కూలీలంతా ఆమెను తిడతారు, చదివే మగపిల్లలు వాళ్లతో గొంతు కలుపుతారు. ఒక ఏడాది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, “సార్, ఆయమ్మను చెడ్డది అనేదంతా మొగోళ్లే కదా? రచయిత యాడ అన్నాడు, పేజీ చూపించండి” అంది. నా షరతు నాకే తిరిగొచ్చింది. చూపించలేకపోయాను.

ఐదో అధ్యాయంలో లెన్నీతో ఆమె తన గోడు చెప్పుకుంటుంది. సినిమాల్లో వేషమిప్పిస్తానని ఒకడు చెప్పాడు, ఉత్తరం రాస్తానన్నాడు. ఉత్తరం రాలేదు. వాళ్లమ్మే దాచేసిందని ఆమె అనుమానం. ఆ కోపంతోనే కర్లీని చేసుకుంది. చనిపోయి గడ్డిలో పడి ఉన్నప్పుడు మాత్రమే రచయిత ఆమె ముఖాన్ని ప్రేమగా వర్ణిస్తాడు: ఆరాటమంతా పోయి, చిన్నపిల్ల ముఖంలా. బ్రాడ్‌వేలో ఆ పాత్ర వేసిన క్లేర్ లూస్‌కు 1938లో స్టైన్‌బెక్ ఉత్తరం రాస్తూ, ఆమెను ఎవరూ మనిషిగా చూడలేదనీ, లోపల మంచిదేననీ విడమర్చి చెప్పాడు.

అట్లాగని దేవతను చేయొద్దు. నాలుగో అధ్యాయంలో గుర్రాలశాలలో పనిచేసే నల్లజాతి మనిషి క్రుక్స్‌ను, నిన్ను చెట్టుకు ఉరేయించడం నాకు చిటికెలో పని అని బెదిరిస్తుంది. అణిగినది, తనకంటే అణిగినవాడి మీద లేస్తుంది.

క్రుక్స్ గది గురించి ఒక్క మాట. కొట్టంలోకి ఆయనను రానివ్వరు, శాల పక్కన విడిగా గది. ఆ గదిలో ఔషధాల సీసాలు, చినిగిన డిక్షనరీ, 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ పుస్తకం ఉంటాయి. గుర్రాలు చూసుకునే ఆయనకు చట్టం పుస్తకం ఎందుకని అడిగితే, సగం క్లాసు బిక్కముఖం వేస్తుంది. హోటళ్లలో రెండు గ్లాసుల సంగతి ఇంట్లో విన్న పిల్లలు మాత్రం టక్కున చెబుతారు.

అపోహ: “అమెరికాలో నిషేధించిన బూతు పుస్తకం.”

దేశమంతా నిషేధమేమీ లేదు. బడులు, లైబ్రరీల్లోంచి తీసేయాలని అభ్యంతరాలు మాత్రం తెగ వచ్చాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1990ల జాబితాలోనూ, 2000ల జాబితాలోనూ మొదటి పదిలో ఉంది. తిట్లున్న మాట నిజమే. కూలీలు మరి అష్టోత్తరం చదువుతారా?

అపోహ: “జార్జ్ చేసింది తప్పో ఒప్పో పుస్తకంలోనే ఉంది.”

కర్లీ భార్య జుట్టు నిమరబోయి, ఆమె అరిస్తే భయపడి, లెన్నీ ఆమె మెడ విరిచేస్తాడు. కర్లీ తుపాకీతో బయలుదేరతాడు. జార్జ్ ముందే మడుగు దగ్గరికి చేరి, టోపీ తీసి ఏటి అవతలికి చూడమని, పొలం కథ మళ్లీ చెబుతూ, వెనక నుంచి తలలో కాలుస్తాడు.

ఒప్పనేవాళ్లు చూపించే పేజీ ఉంది. ముందే క్యాండీ ముసలి కుక్కను కార్ల్‌సన్ అనే తోటి కూలీ బయటికి తీసుకుపోయి చంపుతాడు. కొట్టంలో అందరూ తుపాకీ చప్పుడు కోసం ఎదురుచూస్తూ, పేకముక్కలు కలుపుతూ, ఎవరి ముఖం ఎవరూ చూసుకోకుండా కూర్చుంటారు. నేల కింద ఏదో కొరుకుతున్న చప్పుడు. చప్పుడు వినబడ్డాక క్యాండీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. తర్వాత జార్జ్‌తో అంటాడు, నా కుక్కను నేనే చంపుకోవాల్సింది, బయటివాడి చేతికి ఇవ్వకుండా ఉండాల్సింది అని. జార్జ్ వాడింది కూడా అదే కార్ల్‌సన్ లూగర్ పిస్తోలు. కర్లీకి చిక్కితే లెన్నీ గతి ఏమిటో, జైల్లో కట్టేస్తే ఏమిటో స్లిమ్ ముందే చెప్పాడు.

ఇదంతా బ్యాంకు సారు వరుసగా పేజీలతో చదివి వినిపించి, “ఇంతకన్నా దయ ఏముంది?” అన్నాడు. మందుల షాపాయన అప్పటిదాకా గమ్మున ఉన్నాడు. “మా తమ్ముడు లెన్నీ లాంటోడే సార్. నలభై ఏండ్లు సాకింది మా యమ్మ. కుక్కకు చెప్పిన మాట మనిషికి అతికిస్తాండారే, ఆయమ్మ ముందర ఈ మాట అనండి సూద్దాం” అని చెప్పులేసుకుని మిద్దె దిగిపోయాడు.

ఆయన చూపించిన పేజీ లేదనుకోవద్దు, ఉంది. లెన్నీని ఎవరూ అడగలేదు. ఆ అధ్యాయంలో లెన్నీ జార్జ్‌తో, నేనొద్దనుకుంటే కొండల్లోకి పోయి గుహలో బతుకుతానని అంటాడు. జార్జ్ వద్దంటాడు, నాతోనే ఉండు అంటాడు. అన్న తర్వాతే కాలుస్తాడు. నేను ఇరవై రెండేళ్ల కింద జార్జ్ పక్షం. ఇప్పుడు ఆ పేజీ చదివేటప్పుడు గొంతు సరిగా పలకదు. పరీక్షలో మాత్రం రెండు వైపులా రాసినా మార్కులేస్తాను, పేజీ ఉంటే చాలు.

రెండు వారాల తర్వాత బ్యాంకు సారే పోయి మందుల షాపులో కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు.

అపోహ: “నవల లెన్నీ చావుతో ముగుస్తుంది.”

కాదు. ఆ తర్వాత ఇంకో పేజీ ఉంది. అందరూ వస్తారు. స్లిమ్ జార్జ్ పక్కన కూర్చుని, తప్పదు కదా అని, చెయ్యి పట్టి లేపి, తాగడానికి తీసుకుపోతాడు. వాళ్లను చూసి కార్ల్‌సన్ కర్లీని అడుగుతాడు: వీళ్లిద్దరికీ ఏమైంది, ఎందుకట్లా ఉన్నారు? అదే చివరి వాక్యం.

క్లాసులో ఎవరో ఒకరు కార్ల్‌సన్‌ను రాతిగుండె మనిషి అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. పోయిన ఫిబ్రవరిలో మాత్రం, అమ్మానాన్న సుగ్గికి పోతే అవ్వ దగ్గరుండి చదువుకుంటున్న ఆ కోసిగి పిల్లోడు తలూపలేదు. ఏమిరా అన్నాను.

“ఆయప్ప తప్పేముంది సార్. నిజంగానే అర్థం కాక అడుగుతాండాడు. ఎప్పుడూ ఆయప్పకు జత ల్యాకపోయింటాది.”