గుడ్డ డైపర్ కారుతోందా? ముందు నీళ్లను అనుమానించండి

డైపర్ ప్యాకెట్ ధర చూసి గుడ్డవాటికి మారదామనుకున్న వాళ్లెవరైనా ముందు ఫోన్ తెరిచి ఏ కంపెనీది బాగుందా అని వెతుకుతారు. తిరుపతిలో ఉండేవాళ్లయితే అంతకంటే ముందు ఇంటి కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లో చూసుకోండి. ఉతికే నీళ్లు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన గుడ్డయినా కొన్నాళ్లకే కారడం మొదలుపెడుతుంది, మనమేమో కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటాం.

ఖర్చు సంగతి తేలిగ్గా తేలిపోతుంది. డైపర్ 10 రూపాయలనుకుని రోజుకు 6 మార్చినా నెలకు 1,800, రెండేళ్లకు 40 వేలు దాటుతుంది. గుడ్డవైతే పైన తొడిగే వాటర్‌ప్రూఫ్ కవర్లు ఓ అరడజను కొంటే చాలు, లోపల మడిచిపెట్టే గుడ్డకు పైసా పెట్టక్కర్లేదు. తాత పాత పంచె, అవ్వ కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి నూలు చీర, ఇవి కొత్త ప్యాడ్లకేమీ తీసిపోవు. పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజ్ అనే పీచు పదార్థం. దాని అణువుల పొడవునా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) నీటిని పట్టుకుంటాయి, మిగతా తడి పోగుల మధ్య సందుల్లోకి పాకుతుంది. అయితే పత్తి మీద పుట్టుకతోనే పల్చటి మైనం పొర ఉంటుంది, దానికి తోడు నగరిలోనో పుత్తూరులోనో మగ్గానికి ఎక్కించే ముందు నూలుకు గంజి పెడతారు. అందుకే కోరా బట్ట మీద నీళ్లు పోస్తే ఇంకకుండా జారిపోతాయి. పాత గుడ్డలో ఆ మైనం, గంజి ఎప్పుడో వదిలిపోయి ఉంటాయి. పొత్తిగుడ్డలకు పాత బట్టే కావాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది ఊరికే కాదు! కొత్తవే కొంటే మాత్రం వేడినీళ్లలో నాలుగైదుసార్లు ఉతికాకే బిడ్డకు వేయండి.

ఇక నీళ్లు. తిరుపతి కుళాయిల్లోకి వచ్చే కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వేరు, అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు వేరు. రాతి పొరల్లో నిలవున్న నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. తాగే నీళ్లలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. మీ బోరు సంగతి తెలియాలంటే ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. ఒక సీసాలో సగం దాకా ఆ నీళ్లు పోసి, బట్టల సబ్బు కాస్త తురిమి వేసి, మూతపెట్టి గట్టిగా ఊపండి. నురగ నిలిస్తే మంచిదే. నీళ్లు తెల్లగా విరిగి, గోడలకు జిడ్డు తెట్టె అంటుకుంటే అవి కఠినమైన నీళ్లన్నమాట. ఉతికిన ప్రతిసారీ సబ్బు కాల్షియంతో కలిసి ఆ తెట్టె అయ్యి గుడ్డ పోగుల్లో ఇరుక్కుంటుంది, అది నీళ్లను దగ్గరకు రానివ్వదు. ఆరిన గుడ్డ మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, ఇంకకుండా పూసలా నిలబడితే కారుతున్నది ఎందుకో తెలిసిపోయినట్టే. బోరు నీళ్లయితే సబ్బు మానేసి డిటర్జెంట్ పౌడరే వాడండి, నానబెట్టేటప్పుడు ఒక చెంచా బట్టల సోడా వేస్తే కాల్షియం సుద్దలా విడిపోతుంది, తర్వాత బాగా జాడించాలి. బట్టలకు సువాసన కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలొద్దు, అది కూడా పోగు మీద జిడ్డు పూసేదే.

దుకాణం డైపర్ రాత్రంతా ఆగుతుంది కదా, ఇది ఆగదేం అంటారు. అందులో ఉండేది సోడియం పాలీఅక్రిలేట్ పొడి. శుద్ధమైన నీటినైతే తన బరువుకు వందల రెట్లు పీల్చుకుని జెల్ అవుతుంది, మూత్రంలో లవణాలుంటాయి కాబట్టి 30, 40 రెట్ల దగ్గర ఆగిపోతుంది. అయినా దానితో పత్తి పోటీపడలేదు, పగలు రెండు మూడు గంటలకోసారి మార్చాల్సిందే. మార్చకపోతే మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది, పొద్దున గుడ్డ విప్పగానే కళ్లు మండేది అందుకే. చర్మానికి ఉండాల్సిన కాస్త ఆమ్లగుణం, అంటే పీహెచ్ 5.5 చుట్టుపక్కల ఉండేది, అమ్మోనియాతో పోతుంది. మలంలోని ఎంజైములు చురుగ్గా మారి ఒళ్లు ఒరిసి ఎర్రబడుతుంది. తిరుమల క్యూలో గంటలు గంటలు కూర్చోవాల్సిన రోజున దుకాణం డైపరే వేయండి, అందులో తప్పేం లేదు.

పసుపు మరకల గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. పసిబిడ్డ మలానికి ఆ రంగు చాలావరకు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వల్ల వస్తుంది. కామెర్లు వచ్చిన పుట్టుబిడ్డను ఆస్పత్రిలో నీలం దీపాల కింద పెట్టేదీ దాని కోసమే, వెలుతురు తగిలితే ఆ అణువు రూపం మారి విరిగిపోతుంది. గుడ్డను ముందు చన్నీళ్లతో జాడించి (వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గడ్డకట్టి అంటుకుపోతాయి), ఉతికి, తడి ఉండగానే మిద్దె మీద ఎండలో పరిస్తే సాయంత్రానికి మరక పల్చబడుతుంది. మన ఎండకు ఆ మాత్రం పని పెద్ద లెక్కా?

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్కలో రెండున్నరేళ్ల వాడకానికి దుకాణం డైపర్ల వల్ల దాదాపు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వస్తే, గుడ్డవాటికి 570 వచ్చాయి. గుడ్డ గెలవలేదు! కారణం వాషింగ్ మెషిన్ వేడినీళ్లు, డ్రయ్యర్ కరెంటు. దండెం మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే ఆ లెక్క బాగా తగ్గుతుందని అదే నివేదిక అంటుంది. మనకెలాగూ మిద్దె మీద దండెం ఉంది. కాకపోతే మే నెలలో నీళ్ల ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో మాత్రం ఆ ఖర్చూ కలుపుకోవాలి.

అసలు ఇబ్బంది ఎండాకాలంలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు వరసకట్టే రోజుల్లో. పొరలన్నీ కలిపి కుట్టేసిన డైపర్ రెండ్రోజులైనా ఆరదు, ముక్కిన వాసన వేస్తుంది. విప్పి ఒకే పొరగా ఆరేసుకునే పంచె ముక్క ఫ్యాన్ గాలికే ఆరిపోతుంది, కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. తొందరైతే ఆ గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె తిప్పొచ్చు కానీ, కవర్ మీద వద్దు. దాని లోపల అతికించిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పొర వేడికి పాడైతే ఇక ఆ కవర్ దేనికీ పనికిరాదు.