షోకేస్‌లో ఉన్నది అదే తుపాకీనా?

వాషింగ్టన్‌లో ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గార్ హూవర్‌ను కలవడానికి వెళ్లినవాళ్లకు ముందుగా కనిపించేది బయటి గదిలోని ఒక గాజు పెట్టె. అందులో బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ చనిపోయాక తీసిన ముఖపు అచ్చు, అతని గడ్డి టోపీ, కళ్లద్దాలు ఉండేవి. 1934 జూలై 22 రాత్రి షికాగోలో బయోగ్రాఫ్ థియేటర్ నుంచి బయటికొస్తుండగా ఏజెంట్లు అతన్ని కాల్చి చంపారు. పారిపోబోతూ జేబులోంచి పిస్టల్ తీయబోయాడని వాళ్లు చెప్పారు. ఆ పిస్టల్ ఇదేనంటూ ఒక కోల్ట్‌ను ఎఫ్‌బీఐ చాలాకాలం జనానికి చూపించింది.

కొన్ని దశాబ్దాల తర్వాత పరిశోధకులు దాని మీదున్న నంబర్‌ను కోల్ట్ కంపెనీ రికార్డులతో పోల్చి చూశారు. ఆ నంబర్ గల పిస్టల్ కార్ఖానా నుంచి బయటికొచ్చిందే 1934 డిసెంబర్‌లో అని రాశారు. అంటే డిలింజర్ చనిపోయిన ఐదు నెలలకు! దాంతో అతని దగ్గర అసలు తుపాకీ ఉందా, నిరాయుధుణ్ని కాల్చేశారా అనే అనుమానం లేచింది. నా మటుకు నాకు షోకేస్‌లోది అదేనా, అతని దగ్గర తుపాకీ ఉందా అనేవి వేర్వేరు ప్రశ్నలు. షోకేస్‌లో ఉన్నది వేరే తుపాకీ అయినంత మాత్రాన ఆ రాత్రి అతని జేబు ఖాళీ అని తేలిపోదు. కానీ చూపించిన వస్తువు తప్పని అనిపిస్తే చెప్పిన మాట మీద కూడా నమ్మకం పోతుంది. జనాన్ని ఎలా తప్పుపడతాం?

మనం సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు చేసే పనే ఇక్కడా చెయ్యాలి. ముందు ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ చూస్తాం, ఆర్‌సీతో సరిపోయిందో లేదో చూస్తాం, ఆ తర్వాత ఎవరెవరి చేతులు మారిందో అడుగుతాం. తుపాకీకి కూడా కార్ఖానాలో నంబర్ కొడతారు. అది ఏ రోజు ఏ దుకాణానికి వెళ్లిందో కోల్ట్ లాంటి పాత కంపెనీల లెడ్జర్లలో ఉంటుంది. చిక్కల్లా ఆ తర్వాతే. గ్యాంగ్‌స్టర్ తన పేరు మీద బిల్లు రాయించుకోడు కదా. నంబర్లు అరగదీసేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్‌దని చెప్పే ఒక కోల్ట్ రివాల్వర్ 2011లో లండన్ వేలంలో 67,250 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆధారం అతని సోదరుడి భార్య రాసిన ఉత్తరం. రివాల్వర్ తయారైంది 1929 మేలో. సరిగ్గా అదే నెలలో కపోన్ ఫిలడెల్ఫియాలో అక్రమంగా ఆయుధం పెట్టుకున్నందుకు అరెస్టయి జైలుకు వెళ్లాడు, బయటికొచ్చింది 1930 మార్చిలో. 1931 అక్టోబర్‌లో పన్నుల కేసులో శిక్ష పడింది. కాబట్టి ఆ రివాల్వర్ అతని నడుముకు ఉండి ఉంటే బహుశా ఆ మధ్యలోని ఏడాదిన్నరలోనే ఉండాలి. కపోన్ ముఠా చేయించిందని చాలామంది నమ్మే 1929 ఫిబ్రవరి నాటి షికాగో హత్యలతో దానికి ఏ సంబంధమూ ఉండే వీల్లేదు. ఒక్క తారీఖు ఇంత చెబుతుంది. 2021లో మనవరాళ్లు వేలానికి పెట్టిన అతని .45 కోల్ట్ పిస్టల్‌కు 8,60,000 డాలర్లు పలికింది. దానికీ ప్రధాన సాక్ష్యం కుటుంబం మాటే. కుటుంబం మాట అబద్ధమని నేను అనను. అయితే కోర్టులో నిలిచే సాక్ష్యం వేరు, ఇంట్లో చెప్పుకునే జ్ఞాపకం వేరు.

నిజంగా నిలిచిన సాక్ష్యం ఎలా ఉంటుందో చూడాలంటే మిషిగన్‌లోని సెయింట్ జోసెఫ్‌కు వెళ్లాలి. అక్కడ బెరియన్ కౌంటీ షెరిఫ్ శాఖ దగ్గర రెండు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్‌లు ఉన్నాయి. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో, 2122 నార్త్ క్లార్క్ వీధిలోని గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చింది వాటితోనే.

హంతకుల్లో కొందరు పోలీసు యూనిఫాంలో వచ్చారు కాబట్టి జనం పోలీసులనే అనుమానించారు. అప్పుడే న్యూయార్క్ నుంచి తుపాకులు, తూటాలు పరీక్షించే నిపుణుడు కాల్విన్ గొడార్డ్‌ను పిలిపించారు. గ్యారేజీ నేల మీద దొరికిన 70 ఖాళీ తొడుగులు, శవాల్లోంచి తీసిన తూటాలు ఆయన ముందున్నాయి. తుపాకీ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. తూటా వాటి మధ్య ఒరుసుకుంటూ బయటికొస్తుంది కాబట్టి ఆ గీతలు దాని మీద పడతాయి. ఆ తూటాల మీద ఆరు గాడుల గుర్తులు కుడివైపుకి తిరిగి ఉన్నాయి. .45 కోల్ట్ పిస్టల్‌లో అవి ఎడమవైపుకి తిరుగుతాయి, థాంప్సన్‌లో కుడివైపుకి. అలా పిస్టళ్లు పక్కకు పోయాయి. తర్వాత పోలీసుల దగ్గరున్న థాంప్సన్‌లను పేల్చి చూశారు. ఏదీ సరిపోలేదు. పోలీసు తుపాకులు కావని తేలింది, ఎవరివో మాత్రం తెలియలేదు.

అదే ఏడాది డిసెంబర్ 14న సెయింట్ జోసెఫ్‌లో రెండు కార్లు రాసుకున్నాయి. నష్టం 5 డాలర్లు. ఆ గొడవ తీర్చడానికి చార్లెస్ స్కెలీ అనే కుర్ర పోలీసు వచ్చి కారు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. లోపలున్నవాడు మూడుసార్లు కాల్చాడు. స్కెలీ బతకలేదు. ఆ కారు మనిషి ఇల్లు సోదా చేస్తే రెండు థాంప్సన్‌లు, బుల్లెట్‌ప్రూఫ్ కోట్లు, దొంగిలించిన బాండ్లు బయటపడ్డాయి. వేరే పేరుతో అక్కడ కాపురం ఉంటున్న అతను ఫ్రెడ్ బర్క్. షికాగో హత్యల్లో అనుమానితుడు.

గొడార్డ్ ఆ రెండింటినీ పేల్చి, కొత్త తూటాను, శవంలోంచి తీసిన తూటాను పక్కపక్కనే పెట్టి చూశాడు. ఆయన వాడిన కంపారిజన్ మైక్రోస్కోప్‌లో రెండు తూటాలు ఒకే కంటి కింద సగం సగం కనిపిస్తాయి. ఒకదాని గీత రెండోదాని మీదికి తెగకుండా సాగిపోతే రెండూ ఒకే గొట్టంలోంచి వచ్చినట్టు. అవి సరిపోయాయి. అంతేకాదు, 1928 జూలై 1న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఫ్రాంకీ యేల్ అనే గ్యాంగ్‌స్టర్‌ను చంపింది కూడా ఈ రెండింటిలో ఒకదానితోనేనని తేలింది.

ఈ తుపాకులను నేను ఎందుకు నమ్ముతానంటే, సోదాలో దొరికిన రోజు నుంచి అవి ఎవరి చేతిలో ఉన్నాయో కాగితం మీద ఉంది. వేలానికి వెళ్లలేదు, ఎవరి అటక మీదా పడి లేవు, మధ్యలో ఎవరూ ఉత్తరం రాయనక్కర్లేదు. డిలింజర్ పిస్టల్‌కు లోపించింది ఈ గొలుసే. 1934 మార్చి 3న క్రౌన్ పాయింట్ జైలు నుంచి అతను చెక్క తుపాకీ చూపించి తప్పించుకున్నాడు. తర్వాత తండ్రి ఇంటి దగ్గర ఒక చేతిలో ఆ చెక్క తుపాకీ, రెండో చేతిలో థాంప్సన్ పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాడు. ఆ తర్వాత అదే అసలుదంటూ ఒకటికి మించి చెక్క తుపాకులు తేలాయి. చెక్కకు నంబర్ ఉండదు, గాడులుండవు. ఇక మిగిలింది చెప్పేవాడి మాట.

అయినా ఆ థాంప్సన్‌లు కూడా అన్నీ చెప్పవు. బర్క్‌ను 1931 మార్చిలో మిజోరీలో పట్టుకున్నారు. షికాగో హత్యల మీద అతన్ని ఎప్పుడూ విచారించలేదు. స్కెలీ హత్యకు మిషిగన్‌లో యావజ్జీవం పడింది, 1940లో జైల్లోనే చనిపోయాడు. గ్యారేజీలో ఆ రెండు తుపాకులు పేలాయన్నది రుజువైంది. ట్రిగ్గర్ మీద ఎవరి వేలు ఉందన్నది ఏ కోర్టూ తేల్చలేదు. వాటి కింద పెట్టే అట్ట మీద "బర్క్ ఇంట్లో దొరికినవి" అని రాస్తే నిజం. "బర్క్ కాల్చినవి" అని రాస్తే అది ఇంకా అనుమానమే.