ఎర్ర టోపీ వెనక: మిలిటరీ పోలీసు దర్యాప్తు గురించి అపోహలు, వాస్తవాలు

మా ఊళ్లో ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల బంతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "ఆర్మీలో కూడా దొంగలుంటారా బాబాయ్?" ఉంటారు. లేకపోతే నాకిచ్చిన జీతమంతా దండగేగా!

మొదట వేరే రెజిమెంటులో చేరి, తర్వాత వాలంటీరుగా కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్‌కి, అంటే సీఎంపీకి వచ్చాను. చివరి తొమ్మిదేళ్లు ప్రొవోస్ట్ (మిలిటరీ పోలీసు) యూనిట్‌లో దర్యాప్తు పనే చేసి, హవల్దారుగా రిటైరయ్యాను. మా శ్రీకాకుళం వైపు నుంచి ఫౌజులోకి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లు అడిగే ప్రశ్నలూ ఎక్కువే. మాటిమాటికీ చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామనిపించింది.

అపోహ: మిలిటరీ పోలీసు అంటే కంటోన్మెంటులో ట్రాఫిక్ చూసే జవాను

ట్రాఫిక్ చూస్తాం. అదేమీ తక్కువ పని కాదు. ఘాట్ రోడ్డు మీద కాన్వాయ్ ఇరుక్కుంటే దాన్ని కదిలించేది మేమే. యుద్ధఖైదీల బాధ్యతా మాదే. ఎర్ర టోపీ, తెల్ల బెల్టు, రిపబ్లిక్ డే నాడు బైకుల మీద విన్యాసాలు చేసే 'శ్వేత అశ్వ్' జట్టు... జనానికి కనబడే సీఎంపీ అదే. కనబడనిది రిజిస్టర్ల గదిలో ఉంటుంది.

పొద్దున్నే పీటీ, పరేడ్ అందరితో పాటే. ఆ తర్వాత రోజంతా కాగితాలు. క్యాంటీన్ మందు బయట అమ్ముడుపోవడం, డీజిల్ లెక్క తేలకపోవడం, బ్యారక్‌లో ఫోన్లు పోవడం, ఆర్మీ బండి యాక్సిడెంట్, భర్తీలో దొంగ సర్టిఫికెట్లు. మాకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఎప్పుడైనా ఒక అసహజ మరణం. అది వచ్చిన వారం ఎవరికీ నిద్ర ఉండదు.

ఒక కేసు చెబుతాను. ఓ యూనిట్‌లో డీజిల్ తగ్గింది. అందరి వేలూ ఒకే డ్రైవరు మీద. కారణం, అతనికి అప్పులున్నాయని అందరికీ తెలుసు. నేను మూడు నెలల కార్ డైరీలు ముందేసుకున్నాను (బండి ఎంత తిరిగిందో రాసే పుస్తకాన్ని ఆర్మీలో అలాగే అంటారు). పక్కన గేటు రిజిస్టరు పెట్టుకుని తేదీ తేదీ సరిచూశాను. అప్పులవాడి లెక్క లీటరుతో సహా సరిపోయింది. ఇంకో బండి డైరీలో నాలుగు ట్రిప్పులు రాసున్నాయి. ఆ నాలుగు రోజులూ ఆ బండి గేటు దాటినట్టే లేదు. తిరగని బండి డీజిల్ తాగింది! ఇది తేలేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ తోటివాళ్ల చూపులు భరించింది మాత్రం అప్పులవాడే. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఏమిటంటే, బయటి పోలీసు డ్యూటీ దిగి ఇంటికి పోతాడు. మేం ఎవరిని ప్రశ్నిస్తామో వాళ్లతోనే అదే కంటోన్మెంటులో బతకాలి. వేరే యూనిట్‌కి కేసు మీద వెళ్తే అక్కడి లంగర్‌లో నా పక్కన ప్లేటు పెట్టుకునే వాడే ఉండేవాడు కాదు.

అపోహ: చీకటి గదిలో కూర్చోబెట్టి నాలుగు తగిలిస్తే ఒప్పుకుంటారు

ఆర్మీ చట్టం, 1950లో 107వ సెక్షన్ మా గురించే. నేరం చేసిన జవానును అరెస్టు చేసి నిర్బంధించే అధికారం ప్రొవోస్ట్‌కి ఇచ్చింది. అదే సెక్షన్ సొంతంగా ఏ శిక్షా వేయకూడదనీ చెప్పింది. ఆఫీసరునైతే ఇంకో ఆఫీసరు ఆదేశం లేకుండా అరెస్టు చేయలేం. చట్టం సంగతి పక్కనపెట్టినా, కొట్టి రాయించిన కాగితం ఎందుకూ పనికిరాదు. రేపు కోర్ట్ మార్షల్లో, అంటే సైనిక న్యాయస్థానంలో, అతని తరఫున నిలబడ్డవాడు రెండే రెండు ప్రశ్నలతో దాన్ని చింపేస్తాడు.

అపోహ: కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో దోషి అని తేలితే అయిపోయినట్టే

ఈ పేరులో 'కోర్ట్' అన్న మాటే అందరినీ తప్పుదోవ పట్టిస్తోంది. అది కోర్టు కాదు. ఏం జరిగిందో సాక్ష్యాలు పోగేయడానికి కూర్చునే బృందం. ఒకరి పరువుకి నష్టం వచ్చే విషయమైతే, ఆర్మీ రూల్స్, 1954లోని 180వ రూలు ప్రకారం ఆ మనిషి మొదటి నుంచి చివరిదాకా అక్కడ ఉండి సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి.

తర్వాత 22వ రూలు కింద కమాండింగ్ ఆఫీసరు ముందు చార్జి వినడం. అక్కడా నిందితుడు సాక్షులను ప్రశ్నించవచ్చు. కేసు నిలుస్తుందనుకుంటే 23వ రూలు కింద సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, అంటే సాక్ష్యాలన్నీ లిఖితంగా నమోదు చేయడం. అప్పుడు నిందితుడితో "నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు, చెబితే మాత్రం రాసుకుంటాం, అది సాక్ష్యంగా వాడవచ్చు" అని ముందే చెప్పాలి. కోర్ట్ మార్షల్ ఆ తర్వాతి మాట. అదీ నాలుగు రకాలు: జనరల్, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్, సమ్మరీ. ఇందులో దర్యాప్తు చేసినవాడు తీర్పు చెప్పే చోటు ఒక్కటీ లేదు.

ఈ మెట్లలో ఒకటి దాటేస్తే ఏమవుతుందో తెలియాలంటే రంజిత్ ఠాకూర్ కేసు చదవండి. కమాండింగ్ ఆఫీసరు మీద పైకి ఫిర్యాదు చేసి అప్పటికే శిక్షలో ఉన్న సిగ్నల్‌మన్ (సిగ్నల్స్ విభాగం జవాను) అతను. అన్నం తినమంటే తినలేదన్న ఆరోపణ మీద 1985లో సమ్మరీ కోర్ట్ మార్షల్ పెట్టి ఏడాది జైలు వేశారు, ఉద్యోగం తీసేశారు. విచారణలో కూర్చున్నది అతను ఫిర్యాదు చేసిన ఆఫీసరే. 1987లో సుప్రీంకోర్టు పక్షపాతం ఉందనీ, తప్పుకీ శిక్షకీ పొంతన లేదనీ మొత్తం కొట్టేసింది. మా పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదట చెప్పే కథ ఇదే.

అపోహ: ఫౌజీని బయటి పోలీసులు ముట్టుకోలేరు

సెలవులో ఊరొచ్చి ఈ మాట నమ్మి గొడవలకి దిగినవాళ్లు నాకు తెలుసు. సైనిక చట్టాల పరిధిలో లేని వ్యక్తిని హత్య చేసినా, అత్యాచారం చేసినా 70వ సెక్షన్ ప్రకారం కోర్ట్ మార్షల్ విచారించడానికే లేదు. యాక్టివ్ సర్వీసులో (శత్రువు మీద ఆపరేషన్ల లాంటి వాటిలో) ఉన్నప్పుడో, దేశం బయటో, ప్రత్యేకంగా ప్రకటించిన సరిహద్దు పోస్టులోనో జరిగితే తప్ప అది మామూలు కోర్టుకే పోతుంది. రెండు చోట్లా విచారించగల నేరమైతే ఎక్కడికి పోవాలో 125వ సెక్షన్ కింద ఆర్మీ అధికారి నిర్ణయిస్తాడు. కోర్టు ఒప్పుకోకపోతే కేంద్ర ప్రభుత్వం తేలుస్తుంది.

అపోహ: సెలవు దాటితే భగోడా (పారిపోయినవాడు) అన్న ముద్ర పడి జైలే

తల్లికి బాలేదనో, పెళ్లి తప్పిపోయిందనో పది రోజులు ఆలస్యమైనవాడు వేరు, తిరిగి వెళ్లకూడదని పారిపోయినవాడు వేరు. మొదటిదానికి 39వ సెక్షన్, రెండోదానికి 38. యాక్టివ్ సర్వీసులో పారిపోతే మరణశిక్ష దాకా ఉంది. 30 రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ పెడతారు. మీ జిల్లా పోలీసులకు పట్టుకోమని కాగితం వస్తుంది. వారంట్ లేకుండానే పట్టుకోవచ్చు. ఇలాంటి ఇళ్లకు వెళ్లినప్పుడు తల్లులు మాకు మజ్జిగ ఇచ్చి, కొడుకు ఎక్కడున్నాడో మాత్రం చెప్పరు. మీ ఇంట్లో అలాంటి గుంటడు దాక్కుని ఉంటే, ఆసుపత్రి కాగితాలుంటే పట్టుకుని, వెంటనే యూనిట్‌కి వెళ్లమనండి. తనంతట తాను వచ్చినవాడి కేసుని చూసే తీరే వేరు.

అపోహ: మిలిటరీ పోలీసులో చేస్తే రిటైరయ్యాక ఎస్సై పోస్టు ఖాయం

ఖాయమేమీ కాదు. మాజీ సైనికుల కోటా ఉంది, అందరిలాగే పరీక్ష రాయాలి. నాతో పనిచేసినవాళ్లలో ఒకరు బ్యాంకు సెక్యూరిటీలో ఉన్నారు, ఇద్దరు ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలిస్తున్నారు. ఒకతను సర్వీసులో ఉండగానే చదువు మొదలుపెట్టి, బయటికొచ్చాక లా పూర్తి చేసి ప్రాక్టీసు పెట్టాడు. అందరికంటే బాగున్నది అతనే అని నా లెక్క. రిటైర్మెంటుకి ముందు డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాసం చూసే సంస్థ) కోర్సులు ఉంటాయి, వాటిని సెలవులా వాడుకోకండి.

లోపల ప్రమోషన్ అంటే సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా మెట్లున్నాయి. పైకి పోయేకొద్దీ సీట్లు తక్కువ. ఆడపిల్లలకూ దారి తెరుచుకుంది. బెంగళూరులోని సీఎంపీ సెంటర్ నుంచి 2021 మే 8న మొదటి బ్యాచ్‌గా 83 మంది బయటికొచ్చారు. ఇప్పుడు అగ్నివీర్ ద్వారా తీసుకుంటున్నారు. నాలుగేళ్ల తర్వాత నిలబెట్టుకునేది 25 శాతం దాకానే. ఈ సంగతి తెలిసే చేరండి.

చట్టం వైపు మోజుంటే, ఎల్‌ఎల్‌బీలో 55 శాతం ఉన్నవాళ్లకు జేఏజీ శాఖలో, అంటే ఆర్మీ న్యాయ విభాగంలో, ఆఫీసరుగా చేరే దారి ఉంది. నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

అపోహ: యూనిఫాం ఫొటో, క్యాంటీన్ కార్డు పంపాడంటే నిజమైన జవానే

రిటైరయ్యాక నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. ఇల్లు అద్దెకనో పాత ఫ్రిజ్ అమ్ముతాననో ఆన్‌లైన్‌లో పెడతారు. "నేను ఆర్మీ, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్సు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేయండి" అంటాడొకడు. ఐడీ కార్డు ఫొటో కూడా పంపుతాడు. అది ఏ జవాను దగ్గరో ఎప్పుడో కొట్టేసిన ఫొటో. డబ్బు మీకు రావడానికి మీరు స్కాన్ చేసి పిన్ కొట్టాల్సిన పని లేదు. పోగొట్టుకున్నాక "మీ డిపార్టుమెంటులో కంప్లైంట్ తీసుకోండి" అని నాకు చేస్తారు. అతను మా డిపార్టుమెంటే కాదు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నాకు తర్వాత చేద్దురుగాని.