నర్సుకు ఎందరు రోగులు?

ఆసుపత్రి సిబ్బందిలో ఎవరైనా బర్నౌట్‌కు లోనైతే, అంటే పని ఒత్తిడి వల్ల శక్తి, ఆసక్తి రెండూ అడుగంటిపోతే, ఆ మనిషికి తట్టుకునే గుణం తక్కువని తేల్చేయడం పరిపాటి. పరిశోధనలు మాత్రం వేలు మనిషి వైపు కాక వార్డు వైపు చూపిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని జబ్బుగా కాక, సరిగా సర్దుబాటు చేయని పని ఒత్తిడి ఫలితంగానే నిర్వచించింది.

1981లో మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ రూపొందించిన 22 అంశాల ప్రశ్నావళి ఈ స్థితిని మూడు కోణాల్లో కొలుస్తుంది: మానసికంగా పూర్తిగా అలసిపోవడం, ఎదుటివారిని మనుషులుగా చూడలేకపోవడం, తన పనికి విలువ లేదనిపించడం. వీటిలో రోగికి నేరుగా తగిలేది రెండోది. రోగి పేరు పోయి ‘పన్నెండో బెడ్’ మిగిలినప్పుడు, అతను చెప్పిన నొప్పి కూడా సగమే చెవికెక్కుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, 10,000 మందికి పైగా నర్సులు, దాదాపు 2.3 లక్షల మంది శస్త్రచికిత్స రోగుల వివరాలను పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ నర్సు బర్నౌట్‌కు గురయ్యే అవకాశం 23 శాతం, రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించాయి. ఇది పరిశీలనాత్మక అధ్యయనం కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని దీనితోనే రుజువైపోదు. అయినా సిబ్బంది అలసట, రోగి ప్రాణం వేర్వేరు లెక్కలు కావని అనుమానించడానికి ఇంతకన్నా ఏం కావాలి? కాలిఫోర్నియా రాష్ట్రం 2004 నుంచి నర్సుకు ఇంతమంది రోగులే ఉండాలన్న చట్టబద్ధ పరిమితిని అమలు చేస్తోంది. ఐసీయూలో అది ఇద్దరు.

రోగుల సంఖ్య ఒక్కటే కాదు. నైట్ డ్యూటీలు, తన పని వేళలపై తనకు అదుపు లేకపోవడం, అన్యాయంగా చూస్తున్నారన్న భావన, రాతకోతల భారం కూడా బర్నౌట్‌తో ముడిపడినవే. ధ్యాన తరగతులు కొంత ఊరటనిస్తాయి కానీ, డ్యూటీ చార్టులో ఖాళీగా ఉన్న పోస్టును అవి నింపలేవు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 1992లోనే జూనియర్ రెసిడెంట్ డాక్టర్లకు, అంటే ప్రధానంగా ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివేవారికి, సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలకు మించి డ్యూటీ వేయరాదని, పని భారాన్ని బట్టి మినహాయింపునిస్తూ, ఆదేశించింది. ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా పీజీ డాక్టరును అడిగి చూడండి, ఆ మినహాయింపే నియమమైపోయిన సంగతి తెలుస్తుంది.