కొమ్మ కొట్టాలన్నా అనుమతి ఎందుకు కావాలి?

సొంత ఇంటి ఆవరణలోని చెట్టును కొట్టడానికి కూడా అధికారి అనుమతి కావాలన్న నిబంధన మన దేశంలో ఇటీవలి కాలానిదే. అంతకు ముందు వందేళ్లకు పైగా చట్టం దృష్టిలో చెట్టంటే కలపే.

రైలు మార్గాలు విస్తరించి, పట్టాల కింద పరిచే స్లీపర్ల కోసం టేకు, సాల, దేవదారు అడవులు తరిగిపోతున్న రోజుల్లో, 1864లో అటవీశాఖ ఏర్పడింది. మరుసటి ఏడాదే మొదటి అటవీ చట్టం వచ్చింది. 1878 నాటి చట్టమూ, 1882 నాటి మద్రాసు అటవీ చట్టమూ అడవులను రిజర్వు చేసి, తరతరాలుగా అక్కడ కట్టెలు ఏరుకున్నవారిని, పశువులు మేపుకున్నవారిని నేరస్తుల వరుసలో నిలబెట్టాయి. చెట్ల అనుమతి పేరెత్తితే సామాన్యుడికి నేటికీ కలిగే బెదురుకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

1976లో 42వ రాజ్యాంగ సవరణ పర్యావరణ పరిరక్షణను ప్రభుత్వానికీ పౌరులకూ బాధ్యతగా అప్పగించింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే కేంద్రం ఆమోదం తప్పనిసరి చేసింది. వీధి మలుపులోని వేపచెట్టుకు మాత్రం ఇవేవీ అక్కరకు రాలేదు. దాన్ని కాపాడే పని రాష్ట్రాల మీద పడింది. మహారాష్ట్ర 1975లో, కర్ణాటక 1976లో, ఢిల్లీ 1994లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) పేరుతో చట్టాలు చేశాయి.

వీటిలో ఢిల్లీ చట్టాన్ని కాస్త నిదానంగా చదవాలి. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున మాను వ్యాసం కనీసం 5 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తు కనీసం ఒక మీటరు ఉంటే చాలు, అది చెట్టే. అంటే పిడికిట ఇమిడే మొక్కకూ రక్షణ ఉంది. నరకడమంటే మొదలంటా కొట్టడమే కాదు, కాల్చడం, కోయడం, ఏ విధంగానైనా దెబ్బతీయడం కూడా అని చట్టం చెబుతోంది. అయినా 15.7 సెంటీమీటర్ల చుట్టుకొలత వరకు ఉన్న కొమ్మలను అనుమతి లేకుండా కొట్టవచ్చని తర్వాత వచ్చిన మార్గదర్శకాలు వెసులుబాటు ఇచ్చాయి. ఆ చుట్టుకొలతను వ్యాసంలోకి మారిస్తే సరిగ్గా 5 సెంటీమీటర్లు. చట్టం చెట్టుగా గుర్తించినంత లావు కొమ్మను ఎవరినీ అడగకుండా నరకవచ్చన్నమాట. 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను కొట్టివేసింది.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకు తాజ్‌మహల్ పరిసర రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా నరికిన 454 చెట్ల వ్యవహారం వచ్చింది. ధర్మాసనం ఒక్కో చెట్టుకు లక్ష రూపాయల జరిమానా ఖరారు చేస్తూ, ఆ పచ్చదనం తిరిగి రావడానికి కనీసం వందేళ్లు పడుతుందని పేర్కొంది.