ఫ్యాను విమానాలూ, గోదావరి తెడ్డూ

చిరంజీవులు చిన్నికీ, గౌతమ్‌కీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, ఫ్యాను విమానాలే ఎందుకు పడిపోతాయి? గాల్లో ఉండగా ఫ్యాను ఆగిపోతే ఇంక అంతేనా?" అని చిన్ని అడిగింది. 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లో గిరగిరా తిరుగుతూ నేల కూలిన ఏటీఆర్ అనే రకం ఫ్యాను విమానం వీడియో మీరిద్దరూ చూశారనీ, అప్పటినుంచి హైదరాబాదు నుంచి రాజమండ్రికి ఆ చిన్న విమానం ఎక్కనే ఎక్కమని మొండికేశారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీరు రైల్లో వచ్చినా నాకు సంతోషమే. అయితే ఒక వస్తువు సంగతి తెలుసుకుని వద్దనుకోవడం వేరు, వీడియో చూసి వద్దనుకోవడం వేరు. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందుగా మీరు ఫ్యాను అంటున్నది ఏమిటో చూద్దాం. ఇంట్లో ఫ్యాను బ్లేడ్ల వంపు ఒక్కసారి బిగించాక మారదు. విమానం ప్రొపెల్లర్ బ్లేడ్లు అలా కాదు. మన రాజమండ్రికి వచ్చే ఏటీఆర్ 72 విమానానికి రెండు రెక్కల మీద రెండు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్ ముందు ఆరు బ్లేడ్ల ప్రొపెల్లర్ ఉంటాయి. ప్రొపెల్లర్ ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 4 మీటర్లు. ఆ ఆరు బ్లేడ్లూ ఒకవైపు గిర్రున తిరుగుతూనే, ఎవరి ఇరుసు మీద అవి మెలిక కూడా తిరగగలవు. అసలు కథంతా ఈ మెలికలోనే ఉంది. అది అర్థం కావాలంటే మీరు నాతోపాటు కోనసీమ లంకల్లోకి రావాలి.

నా చిన్నతనంలో మా లంక నుంచి బడికి వెళ్లాలంటే గోదావరి పాయ దాటాలి. వంతెన లేదు, పడవే దిక్కు. లోతు లేనిచోట గెడ వేసేవారు, లోతు రాగానే గెడ పక్కన పడేసి ఇటొకరు అటొకరు కూర్చుని తెడ్లు వేసేవారు, వెనక ఒక పెద్దాయన చుక్కాని పట్టేవాడు. ఆషాఢంలో ఎర్రనీరు వచ్చాక పిల్లలు తెడ్డు ముట్టుకోకూడదని కట్టడి ఉండేది కానీ, వేసవిలో నీరు తేటపడి నిదానించాక ఆయన మమ్మల్ని పిలిచి తెడ్డు చేతికిచ్చేవాడు. పైన తన చేయి వేసి, మణికట్టు కొద్దిగా తిప్పి, "ఇప్పుడు లాగు" అనేవాడు. తెడ్డు పలక వెడల్పుగా నీటికి అడ్డం తిరిగి ఉంటే, లాగినప్పుడు భుజాలు పట్టేసేవి కానీ పడవ ముందుకు ఉరికేది. అదే పలక అంచు నీటిని కోసేటట్టు తిప్పితే తెడ్డు వెన్నలో కత్తిలా జారిపోయేది, ఎంత బలంగా లాగినా పడవ అంగుళం కదిలేది కాదు. మనిషి అదే, బలం అదే, తెడ్డు అదే. మారింది మణికట్టు ఒక్కటే.

విమానం ప్రొపెల్లర్ కూడా గాలిలో వేసే తెడ్డే. బ్లేడు ముఖం గాలిని పట్టి వెనక్కి నెడితే విమానం ముందుకు పోతుంది. బ్లేడు అంచు ఎదురుగాలికి తిరిగితే గాలి దానిని ఒరుసుకుంటూ పోతుందే తప్ప తోపు అన్నది ఉండదు. ఇలా అంచు తిప్పి పెట్టడాన్ని పైలట్లు ఫెదర్ చేయడం అంటారు. ఎందుకు తిప్పుతారంటారా? ఒక ఇంజిన్ పాడైపోయి ప్రొపెల్లర్ గాలికి అడ్డంగా నిలబడిపోతే, నీళ్లలో అడ్డంగా వదిలేసిన తెడ్డు పడవను ఎలా పట్టి లాగుతుందో అలా విమానాన్ని వెనక్కి లాగుతుంది. దాన్ని వెంటనే అంచుకు తిప్పేస్తే రెండో ఇంజిన్ విమానాన్ని హాయిగా నడిపించుకుపోతుంది. ఒక వైపే తెడ్డు వేస్తే పడవ పక్కకు తిరగదా అని గౌతమ్ అడుగుతాడు, నాకు తెలుసు. తిరుగుతుంది, దాన్ని చుక్కానితో సరిచేయాలి. విమానానికీ తోకలో చుక్కాని ఉంది, పైలట్ కాళ్ల దగ్గర దాని పెడళ్లు ఉన్నాయి. ఒక్క ఇంజిన్‌తోనే పైకి ఎక్కగలదని పరీక్షించి చూపించనిదే ఇలాంటి విమానానికి అనుమతి ఇవ్వరు. కాబట్టి చిన్నీ, ఒక ఫ్యాను ఆగినంత మాత్రాన విమానం పడిపోదు.

మరి పడిపోయినవి ఎందుకు పడిపోయాయి?

2015 ఫిబ్రవరి 4న తైవాన్‌లోని తైపే నగరంలో ట్రాన్స్‌ఏషియా సంస్థ ఏటీఆర్ 72 ఒకటి 58 మందితో బయలుదేరింది. పైకి లేచిన కాసేపటికే కుడి ప్రొపెల్లర్ తనంతట తానే అంచుకు తిరిగిపోయింది. కుడి ఇంజిన్ నిజానికి బాగానే ఉంది. దాన్ని కనిపెట్టి ఉండే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలో ఒక సోల్డరింగ్ అతుకు చిట్లి, సంకేతం వస్తూ పోతూ ఉండటంతో ఇంజిన్ పోయిందనుకుని ఆ పెట్టె ప్రొపెల్లర్‌ను తిప్పేసింది. గోరుకొన మీద పట్టేంత తగరపు చుక్క! అయినా పడవలో ఎడమవైపు తెడ్డు బ్రహ్మాండంగా పడుతూనే ఉంది కదా, ఒడ్డు చేరవచ్చు. కానీ కెప్టెన్ కంగారులో ఎడమ ఇంజిన్ శక్తి తగ్గించి, ఆ తరువాత దాన్నే ఆపేశాడు. పనిచేస్తున్న తెడ్డువాణ్ని ఆపి కూర్చోబెట్టినట్టయింది. తప్పు వైపు లాగానని ఆయన గ్రహించి ఆ ఇంజిన్‌ను మళ్లీ రాజేసే ప్రయత్నం మొదలయ్యేసరికి ఎత్తు మిగలలేదు. బయలుదేరిన సుమారు మూడు నిమిషాలకే ఆ విమానం ఒక వంతెన మీది టాక్సీని రెక్కతో కొట్టి కీలుంగ్ నదిలో పడింది. 43 మంది పోయారు, 15 మంది బతికారు.

పైలట్లకు దీనికి ఒక నియమం ఉంది. ఇంజిన్ ఆపవలసి వస్తే ఒకరు లీవర్ మీద చేయి వేసి ఫలానా ఇంజిన్ అని పైకి చెప్పాలి, రెండోవారు కళ్లతో చూసి అవునని చెప్పాలి, అప్పుడే లాగాలి. మీ అమ్మమ్మ గ్యాస్ కట్టేశావా అని అడిగితే నేను కట్టేశాననడమూ, తను మళ్లీ వెళ్లి చూడటమూ మీకు నవ్వులాటగా ఉంటుంది. నవ్వండి, కానీ ఆవిడ పద్ధతే సరైనది. చేయి చేసిందనుకున్న పనిని కన్ను ఒప్పుకోవాలి.

ఇక రెండోది. ఇది మనం ముగ్గులు వేసుకుంటున్న రోజున జరిగింది. 2023 జనవరి 15, మనకు పెద్ద పండుగ, నేపాల్‌లోనూ మాఘే సంక్రాంతి. ఖాట్మండు నుంచి పోఖరాకు యేతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 వెళుతోంది. పోఖరాలో ఆ కొత్త విమానాశ్రయం ఆ నెల 1వ తేదీనే తెరిచారు. ఎదురుగా హిమాలయాలు కనపడేంత నిర్మలమైన ఉదయం. నడుపుతున్న కెప్టెన్ ఆ విమానాశ్రయానికి అలవాటు పడుతూ ఉండగా, పక్కన మరింత అనుభవమున్న శిక్షకుడు కూర్చున్నారు. దిగబోయే ముందు రెక్కల వెనక ఉండి, వేగం తగ్గినా రెక్కలు మోసేలా చేసే ఫ్లాప్‌లనే పలకలను ఇంకొంచెం దించమని కెప్టెన్ అడిగారు. దించానని శిక్షకుడు బదులు చెప్పారు. కానీ విమానంలోని రికార్డర్ మరో సంగతి చెప్పింది. అప్పటికి ఫ్లాప్‌లు కదలలేదు, రెండు ప్రొపెల్లర్లూ అంచుకు తిరిగిపోయాయి. ఎలాగంటే, పైలట్లిద్దరి మధ్య ఉన్న దిమ్మె మీద ప్రొపెల్లర్లను అదుపు చేసే రెండు లీవర్లూ, వాటి పక్కనే ఫ్లాప్ లీవరూ ఉంటాయి. ఆయన చేయి ఒకటి అనుకుని పక్కవాటిని వెనక్కి లాగిందని దర్యాప్తు తేల్చింది.

అక్కడినుంచి జరిగింది చదివితే నాకు ఆ లంక రేవు కళ్లముందుకు వచ్చింది. రెండు ఇంజిన్లూ నడుస్తూనే ఉన్నాయి. శక్తి రావడం లేదని కెప్టెన్ అన్నారు, శక్తి పెంచే లీవర్లను ముందుకు తోశారు. తెడ్డు అంచుకు తిరిగి ఉండగా భుజబలం పెంచితే ఏమవుతుంది? ఏమీ కాదు. పడవైతే నీటిమీద ఊరికే నిలబడుతుంది, విమానానికి ఆ వెసులుబాటు లేదు. వేగం ఉంటేనే రెక్కలు మోస్తాయి, వేగం తగ్గగానే మోయడం మానేస్తాయి. నిమిషం అటూ ఇటూగా ఆ విమానం ఎడమవైపు ఒరిగి సేతి నది లోయలో పడిపోయింది. 72 మందిలో ఒక్కరూ మిగలలేదు. వారిలో మన దేశంవారు కూడా ఐదుగురు ఉన్నారు. ఆ శిక్షకుడిది వేల గంటల అనుభవం. అనుభవమున్న చేయికి చూడనక్కర లేదనిపిస్తుంది. అదే ప్రమాదం. ఏనాటినుంచో తెడ్డు వేస్తున్న మా పడవ పెద్దాయన ప్రతిసారీ పలక వైపు ఒక చూపు చూసి మరీ లాగేవాడు. అది చాదస్తమని మేము వెనక నవ్వుకునేవాళ్లం.

బ్రెజిల్ విమానం సంగతి వేరు. అక్కడ మంచుగడ్డ కనిపిస్తోంది, పేరుకుంటోందన్న హెచ్చరికలు విమానంలో వచ్చాయని ప్రాథమిక నివేదికలో ఉంది. అందులోని 62 మందీ పోయారు. దీనికి కూడా తెడ్డునే పట్టుకు వేలాడదామని చూశాను. నాచు పట్టిన తెడ్డు అంటే కొంతవరకు సరిపోతుంది, ఎందుకంటే నాచు బరువు పెద్దదేమీ కాదు, పలక రూపును పాడుచేయడమే దాని దుర్మార్గం. మంచు కూడా అంతే. రెక్క మీద నుంచి నున్నగా జారవలసిన గాలిని అది చెదరగొడుతుంది. పెద్ద జెట్ విమానాలు ఎక్కువసేపు మేఘాలకు పైన పోతాయి. ఫ్యాను విమానాలు దగ్గరి ఊళ్ల మధ్య, తక్కువ ఎత్తులో, మేఘాల్లోంచే పోతాయి, రోజుకు చాలాసార్లు ఎక్కి దిగుతాయి, చిన్న చిన్న విమానాశ్రయాలకు పోతాయి. నువ్వు ఫ్యానులే ఎందుకు అన్నావు కదా చిన్నీ, అవి చేసే పనే అలాంటిది.

1994 అక్టోబరు 31న అమెరికాలో ఇండియానాపొలిస్ నుంచి షికాగో వెళ్లే ఏటీఆర్ 72, దిగడానికి వంతు కోసం అరగంటకు పైగా మేఘంలో చక్కర్లు కొట్టింది. ఆ మేఘంలో సున్నా కంటే చల్లబడినా ఇంకా గడ్డకట్టని నీటి చినుకులు ఉన్నాయి, తగిలితే చాలు గడ్డకట్టేవి. రెక్క ముందంచుకు రబ్బరు తొడుగు ఉంటుంది, దానిని గాలితో ఉబ్బించి మంచును పగలగొడతారు. ఆ రోజు మంచు ఆ తొడుగు దాటి వెనక, దాని చేయి అందనిచోట, గట్టులా పేరుకుంది. విమానం ఉన్నట్టుండి పక్కకు దొర్లి 68 మందిని బలి తీసుకుంది. తరువాత ఏటీఆర్ రెక్కల మీద ఆ తొడుగులను వెనక్కి ఇంకా వెడల్పుగా పొడిగించారు. మీరు ఎక్కబోయే విమానానికి ఉన్నది ఆ వెడల్పు తొడుగే.

ఇంకొకటి క్లుప్తంగా చెబుతాను. 2005 ఆగస్టు 6న ట్యునీషియాకు చెందిన ట్యునింటర్ సంస్థ ఏటీఆర్ 72 విమానం ఇటలీలోని బారి నుంచి వెళుతూ, ఇంధనం అయిపోయి సిసిలీ దగ్గర సముద్రంలో దిగింది. అంతకుముందు రోజు దానికి కొత్త ఇంధన మీటరు బిగించారు. అది ఏటీఆర్ 42 అనే పొట్టి విమానం మీటరు, చూడటానికి అచ్చు అలాగే ఉంటుంది. ట్యాంకు ఖాళీ అవుతున్నా ఇంధనం ఉందనే చూపించింది. 39 మందిలో 16 మంది చనిపోయారు. ఇక్కడ తప్పు జరిగింది ఆకాశంలో కాదు, ముందురోజు షెడ్డులో, స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతిలో.

రైలో విమానమో మీరే తేల్చుకోండి, నేను చెప్పను. ఎలా వచ్చినా ఒకరోజు మిమ్మల్ని మధురపూడి విమానాశ్రయం వైపు తీసుకెళతాను, దూరం నుంచే ఏటీఆర్ కనిపిస్తుంది. ఆగి ఉన్న ఏటీఆర్ ప్రొపెల్లర్‌ను ముందు నుంచి చూడండి. బ్లేడ్లు సన్నగా, అంచులే కనిపిస్తాయి. పక్కకు వచ్చి చూడండి, వెడల్పు పలకలు కనిపిస్తాయి. ఆగినప్పుడు వాటిని అంచుకు తిప్పే ఉంచుతారు.

ఇంకో వింత ఉంది. ఈ విమానంలో కుడి ఇంజిన్ నడుస్తూనే ప్రొపెల్లర్ మాత్రం బ్రేకు పట్టి కదలకుండా నిలిచే ఏర్పాటు ఉంది. విమానాన్ని నిలిపి ఉంచినప్పుడు లోపలికి కరెంటూ, చల్లగాలీ ఆ ఇంజిన్ నుంచే వస్తాయి. ఇంజిన్ లోపల రెండు రకాల చక్రాలు ఉంటాయి. ఒకటి మంటకు కావలసిన గాలిని నొక్కి అందించే పనికి, రెండోది ప్రొపెల్లర్ తిప్పే పనికి. వాటి మధ్య ఇరుసు లేదు, పళ్ల చక్రం లేదు, వేడి గాలి తప్ప మరేమీ లేదు. ఆ గాలే 20 టన్నులు పైబడిన విమానాన్ని, 70 మందిని ఎత్తుకుపోతుంది. ఇది నేను ఎన్నిసార్లు చదివినా పూర్తిగా నమ్మబుద్ధి కాదు, కాబట్టి మీకు ఇంతకంటే వివరించలేను. ఇంజిన్ మోత వినిపిస్తూ కుడి ప్రొపెల్లర్ కదలకుండా ఉందేమో మీరే చూసి, ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ గీసి నాకు ఇవ్వండి. బ్లేడ్లు ఆరూ ఉండాలి సుమా, గౌతమ్ క్రితంసారి సైకిల్ బొమ్మలో పెడళ్లు మరిచిపోయాడు.

మీ తాతయ్య