పుల్లలు, పిక్కలు, గంతులు: ప్రైమరీ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021లో కేంద్రం నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తొలిమెట్టు మొదలుపెట్టాక 'కృత్యం' (పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునే పని) అన్న మాట లేని లెక్కల పాఠ్యపథకం కనబడటం లేదు. మాట కొత్తది కాదు. 1980లలోనే ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) టీచర్ల శిక్షణలతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి వచ్చింది. దాని వెంట వచ్చిన అపోహలూ అంత పాతవే.

అపోహ: చేతికి పుల్లలో పిక్కలో ఇస్తే లెక్క దానంతటదే అర్థమవుతుంది.

43 చింతపిక్కలు కుప్పగా పోసి లెక్కపెట్టమంటే పిల్లలు ఒకటి, రెండు, మూడు అంటూ 43 వరకు వెళ్తారు. సరిగ్గానే చెబుతారు. కానీ ఆ 4 అంటే నాలుగు పదులని పిక్కల కుప్ప ఎక్కడా చెప్పదు. విడి పిక్కలతో నెలల తరబడి చేయిస్తే ఒక్కొక్కటే లెక్కపెట్టే అలవాటే గట్టిపడుతుంది. స్థానవిలువకు కట్ట కట్టగలిగే వస్తువు కావాలి.

కొబ్బరి చీపురు పుల్లల సన్నటి చివర తీసేసి 10 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. నలుగురి జట్టుకు 120 ముక్కలు, 12 రబ్బరు బ్యాండ్లు చాలు. కట్టలు టీచర్ కట్టి తేకూడదు, పిల్లలే కట్టాలి. తయారుగా వచ్చిన కట్ట పిల్లల దృష్టిలో 'ఒక లావు పుల్ల' మాత్రమే. తొమ్మిదితోనో పదకొండుతోనో కట్టిన కట్టలు తప్పకుండా వస్తాయి. పక్క జట్టు చేత విప్పించి లెక్క చూపించండి.

ఇప్పుడు 52 - 27. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయాలి, విడిగా ఉన్నవి రెండే. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, 12 విడివి. ఏడు తీస్తే 5, రెండు కట్టలు తీస్తే 2. జవాబు 25. కట్ట విప్పిన క్షణంలోనే పలకమీద 5 కొట్టేసి 4 రాయాలి, 2 పక్కన 1 చేర్చి 12 చేయాలి. పుల్లలన్నీ కదిపేశాక చివర్లో జవాబు ఒక్కటే రాయిస్తే పుల్లలు వేరు, పలక వేరు అయిపోతాయి. మరుసటి రోజు అదే పిల్లవాడు 52 - 27 = 35 అని రాస్తాడు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు. పుల్లల తప్పు కాదది, పుల్లకూ అంకెకూ మధ్య మాట లేకపోవడం.

ఇక్కడే 'అప్పు తెచ్చుకోవడం' అన్న మాట కూడా మానేస్తే మంచిది. తీర్చని అప్పు ఏం అప్పు? 'కట్ట విప్పాం' అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టవుతుంది.

పుల్లల తర్వాత నేరుగా అంకెలకు దూకొద్దు. కట్టకు నిలువు గీత, విడి పుల్లకు చుక్క గీయిస్తూ కొన్నాళ్లు చేయించాలి. పుల్లలు లేకుండా గీతలతో చేయగలిగినవాళ్లే అంకెలతో నిలబడతారు.

నూట ఐదుకు 1005 రాయడం ఇంకో పాత తప్పు. విన్నది విన్నట్టు 100, 5 రాస్తారు. వందల అట్టమీద పదుల అట్ట, దానిమీద ఒకట్ల అట్ట కుడి అంచులు కలిసేలా పేర్చే కార్డులు (100, 40, 5 వంటివి) దీనికి పుల్లలకంటే బాగా పనికొస్తాయి. రెండు భాషల పుస్తకాలు వచ్చాక మరో చిక్కు తోడైంది. తెలుగులో 'పదిహేడు'లో పదే ముందు వినిపిస్తుంది, రాసే వరుసా అదే. 'సెవెంటీన్'లో ఏడు ముందు వినిపిస్తుంది, అందుకే 71 అని రాస్తారు. ఆ పిల్లలకు స్థానవిలువ రాలేదని తేల్చే ముందు తెలుగులో అడిగి చూడండి.

అపోహ: వేళ్లు లెక్కపెట్టనిస్తే జీవితాంతం వేళ్లే.

వద్దంటే మానరు, బెంచీ కింద లెక్కపెడతారు. నష్టం టీచర్‌కే, ఎందుకంటే ఆ వేళ్లను చూస్తేనే ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో తెలుస్తుంది. 3 + 8కి పదకొండూ మొదటినుంచి లెక్కపెట్టేది తొలి మెట్టు. 3 తర్వాతనుంచి లెక్కపెట్టేది రెండోది. పెద్దదైన 8ని మనసులో పెట్టుకుని 9, 10, 11 అనేది మూడోది. 8కి 2 కలిపి పది చేసి మిగిలిన 1 చేర్చేవాళ్లకు వేళ్ల పని ఉండదు. వేళ్ల కణుపులమీద లెక్కించే పెద్దల అలవాటు మాత్రం మొదటి తరగతిలో నేర్పకండి. నాలుగు వేళ్లకు 12 వస్తాయి, పిల్లలకు కావలసిన 5, 10 అందులో కనబడవు.

అపోహ: ఆడిస్తే చాలు, ఆటలోనే లెక్క ఉంది.

వరండాలో 0 నుంచి 20 వరకు 30 సెంటీమీటర్లకో గుర్తు పెట్టి సంఖ్యారేఖ గీస్తే 6 మీటర్లు పడుతుంది. 3 మీద నిలబడి 4 కలపమంటే చాలామంది నిలబడ్డ చోటునే 'ఒకటి' అని 6 దగ్గర ఆగుతారు. నిలబడ్డ గుర్తును కాకుండా గంతును లెక్కపెట్టించాలి. కాలు నేలను తాకాకే 'ఒకటి' అనాలి. గళ్లు గీస్తే ఈ తప్పు ఇంకా ఎక్కువవుతుంది, గీతమీద గుర్తులే మేలు.

పాము-నిచ్చెనల పటంలో వరుసలు అటూ ఇటూ తిరుగుతాయి. అందుకే 23కు నేరుగా పైన 33 ఉండదు. పది కలిపితే ఏమవుతుందో చూపడానికి అది పనికిరాదు, ఎడమనుంచి కుడికే సాగే వంద గళ్ల చార్టు వేరుగా కావాలి. ఆటలో కాయ కదిపే ముందే 'ఎక్కడికి చేరతావు?' అని అడగాలి. అడగకపోతే గడి తర్వాత గడి నడిపి ఊరుకుంటారు. అష్టాచెమ్మా గవ్వలు నాలుగే కాబట్టి పడేవి 1, 2, 3, 4, 8. ఒక్కసారి వేస్తే 5, 6, 7 రావు, వాటి అభ్యాసానికి పాచికలు వాడండి.

అపోహ: కృత్యాలు చేయిస్తే ఎక్కాలు బట్టీ పట్టక్కర్లేదు.

పట్టాలి. 7 × 8 కోసం ప్రతిసారీ ఆగే పిల్లలకు భాగహారం మధ్యలో ఏం చేస్తున్నారో మరచిపోతుంది. కానీ పట్టవలసింది అనుకున్నంత లేదు. 10 ఎక్కం వరకు 100 గుణకారాలు. 6 × 7, 7 × 6 ఒకటే అని తెలిస్తే 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు తేలిగ్గా వస్తాయి, అవి తీసేస్తే మిగిలేవి 21. ఆ ఇరవయ్యొక్కటీ చిన్న అట్టలమీద రాసి రోజుకు రెండు చొప్పున పట్టించవచ్చు.

'ఒకటే' అని నమ్మించడానికి మధ్యాహ్న భోజనం గుడ్ల ట్రే చాలు. ఒకవైపునుంచి 5 వరుసల్లో ఆరేసి, ట్రే తిప్పితే 6 వరుసల్లో ఐదేసి, గుడ్లు మాత్రం 30. ఇంకో ట్రేలోంచి రెండు వరుసలు కత్తిరించి చేర్చితే 7 × 6 అంటే 30, 12 కలిపి 42.

అపోహ: కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఎవరి పద్ధతిలో వాళ్లకు చెప్పాలి.

పిల్లల్ని అలా విడదీసి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారని పరిశోధనల్లో నిలబడలేదు. పలు పద్ధతులు కావలసింది పాఠానికి. 3/4నే తీసుకోండి. 24 సెంటీమీటర్ల కాగితం పట్టీని నాలుగుగా మడిచి మూడు భాగాలు రంగు వేస్తే 18 సెంటీమీటర్లు. 24 పిక్కలను నాలుగు కుప్పలు చేసి మూడు తీసుకుంటే 18. సంఖ్యారేఖమీద 0కూ 1కీ మధ్య ఒక చోటు. ఈ మూడూ పిల్లలందరికీ కావాలి. రొట్టె ముక్క ఒక్కటే చూసినవాళ్లకు భిన్నం కూడా ఒక సంఖ్యే అని తోచదు. పట్టీ మడవనివాళ్లు 8 పెద్దది కాబట్టి 1/8 పెద్దదంటారు.

అపోహ: రాత లెక్కల్లో 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలాయి' అంటే తీసివేత.

'రవి 5 గోళీలు ఇచ్చేశాడు, ఇంకా 8 మిగిలాయి, మొదట ఎన్ని ఉండేవి?' ఈ ఒక్క లెక్కతో ఆ చిట్కా కూలిపోతుంది. ముందు కథను పిల్లల చేత ఆడించి, తర్వాత బొమ్మ గీయించి, ఆ తర్వాతే గుర్తు అడగండి.

అపోహ: ఇదంతా చేస్తే సిలబస్ పూర్తికాదు.

పుల్లలు పంచడానికే పది నిమిషాలు పోతే నిజంగానే పూర్తికాదు. జట్టుకో గుడ్డ సంచి, అందులో పది కట్టలు, 20 విడి పుల్లలు. పీరియడ్ చివర కట్టలు తిరిగి కట్టి, 120 లెక్క చూసి అప్పగించడం జట్టులో ఒకరి బాధ్యత. ఒకే టీచర్ రెండు తరగతులు చూసే బడిలో ఒక తరగతి సంచులతో ఉన్నప్పుడు రెండోదానికి పలక పని ఇవ్వండి. ఒకేసారి రెండు కృత్యాలు పెడితే దేనిదగ్గరా నిలబడి వినలేరు. చింతపిక్కలు మొదటి తరగతికి ఇవ్వకండి, ముక్కుల్లో, చెవుల్లో పెట్టుకుంటారు. సంచులు బీరువాలో కాదు, పిల్లలకు అందే ఎత్తులో మేకుకు వేలాడాలి.